చెప్పాలా, చూపించాలా? ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో జ్ఞాపకాలు పంచే శక్తిని ఎంచుకోవడం

పార్టీలో (కలిసి సాహసాలు చేసే పాత్రల బృందంలో) ఎవరికైనా టెలిపతీ, అంటే మనసు నుంచి మనసుకి మాట పంపే శక్తి, వచ్చిందంటే చాలు, ఎంతోకాలం గడవకుండానే టేబుల్ దగ్గర ఈ మాట వినిపిస్తుంది: "నేను చూసిందంతా వీళ్ల బుర్రల్లోకి పంపించేస్తున్నా." ఆటని నడిపించే గేమ్ మాస్టర్ సరేనంటాడు, ఆట ముందుకు సాగుతుంది. పైకి టైం కలిసొచ్చినట్టే ఉంటుంది. కానీ ఏం పోయిందో చూడండి. శిథిలాల్లోకి ఒంటరిగా వెళ్లి, అక్కడ తన గురువు శవాన్ని చూసి తిరిగొచ్చిన పాత్ర తోటివాళ్ల ముందు నిలబడి ఆ సంగతి చెప్పాల్సిన ఘట్టం అది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది మింగేయాలి, ఎవరి మొహం చూడకుండా చెప్పాలి అన్నవన్నీ ఆ ఆటగాడి చేతిలో ఉండేవి. ఒక్క వాక్యంతో అన్నీ ఎగిరిపోయాయి.

మానసిక శక్తుల్లో ఏది తీసుకోవాలని అడిగేవాళ్లు సాధారణంగా రేంజ్ ఎంత, ఎంతసేపు ఉంటుంది, ఏ లెవెల్‌లో దొరుకుతుంది అని చూస్తారు. అవీ చూడాల్సిందే. నేను మాత్రం అన్నిటికన్నా ముందు ఇది అడుగుతాను: ఈ శక్తి వాడేశాక పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఇంకా ఏమైనా మిగులుతుందా? మిగిల్చే శక్తి చిన్నదైనా దాన్నే తీసుకోమంటాను. కింద చెప్పే లెక్కలు, వేరే చెప్పని చోటల్లా, డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో 2014 రూల్స్ నాటి పుస్తకాలవి. 2024లో సవరించిన రూల్‌బుక్‌తో ఆడేవాళ్లు తమ పుస్తకంలో ఆయా మంత్రాల్ని ఒకసారి సరిచూసుకోండి.

మాటలు మాత్రమే మోసే దారులు

అన్నిటికన్నా సులువుగా దొరికేది మాటల టెలిపతీ. గ్రేట్ ఓల్డ్ వన్ అనే వింత శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రాలు పొందిన వార్లాక్‌కి మొదటి లెవెల్ నుంచే ఇది ఉంటుంది: 30 అడుగుల లోపల కనిపించే ఎవరి మనసులోకైనా మాట పంపొచ్చు. ఇద్దరికీ ఒకే భాష రానక్కర్లేదు, ఎదుటి జీవికి ఏదో ఒక భాష అర్థమైతే చాలు. 2020లో వచ్చిన టెలిపతిక్ ఫీట్ (పాత్రకి అదనంగా ఎంచుకునే సామర్థ్యం) తీసుకుంటే దూరం 60 అడుగులకి పెరుగుతుంది, కానీ అక్కడ భాష కలవాలి. మీకు వచ్చిన భాషలో మీరు అంటారు, అది వాళ్లకీ వస్తేనే అర్థమవుతుంది. ఈ రెండూ ఒకవైపు దారులే, ఎదుటివాళ్లు అదే దారిలో జవాబు పంపలేరు. ఎబెరాన్ లోకపు కలష్టార్ జాతికి మాత్రం జవాబిచ్చే వీలు ఎదుటివాళ్లకి కల్పించే అవకాశం ఉంది. పార్టీలో ఇద్దరు మనసులో కబుర్లాడుకోవాలనుకుంటే ఈ తేడా ముందే చూసుకోవాలి. చాలామంది ఫీట్ తీసుకున్నాక గానీ గమనించరు.

అందరినీ కలిపి ఉంచాలంటే రేరీస్ టెలిపతిక్ బాండ్ ఉంది. ఐదో లెవెల్ మంత్రం (మంత్రం లెవెల్ వేరు, పాత్ర లెవెల్ వేరు), ఇష్టపడి ఒప్పుకున్న 8 మంది వరకు, గంటసేపు. రిచువల్‌గా, అంటే తీరిగ్గా ఒక తంతులా చేస్తే, స్పెల్ స్లాట్ (మంత్రాలు వేయడానికి లెక్కగా దొరికే అవకాశం) కూడా ఖర్చు కాదు. ఒకసారి బంధం కుదిరాక దూరంతో పని లేదు, అందరూ ఒకే లోకంలో ఉంటే చాలు. దీని ద్వారా బొమ్మలు, జ్ఞాపకాలు పంపొచ్చా అని అడుగుతుంటారు. మంత్రంలో ఆ ఊసు లేదు, సంభాషణ గురించే ఉంది. గేమ్ మాస్టర్ ఉదారంగా "సరే, పంపుకోండి" అనొచ్చు. నేను అననివ్వను. ఎనిమిదో లెవెల్‌లో బొమ్మలు పంపడానికి వేరే మంత్రమే ఉన్నప్పుడు ఐదో లెవెల్ వాటికి ఆ పని అప్పగిస్తే పెద్ద మంత్రానికి విలువేముంటుంది?

కొత్తగా ఆడుతున్న గుంపుకి, నెలకోసారి కలిసే గుంపుకి నా సలహా ఇక్కడితో ఆగిపోమనే. మాటల టెలిపతీ ఉంటే శత్రువు ఎదురుగా నిలబడే పథకం వేసుకోవచ్చు, భాష రాని ప్రాణితో బేరమాడొచ్చు. అయినా ప్రతి సంగతీ ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పక తప్పదు.

మనసులోంచి తీసుకోవడం

డిటెక్ట్ థాట్స్ రెండో లెవెల్ మంత్రం, కాన్సన్‌ట్రేషన్‌తో, అంటే ధ్యాస దాని మీదే నిలిపి ఉంచితే, ఒక నిమిషం. దీన్ని జ్ఞాపకాలు చదివే మంత్రం అనుకుంటారు గానీ, ఇది చూపించేది ఆ క్షణంలో మనసు పైపొరలో ఆడుతున్న ఆలోచన మాత్రమే. లోతుకి తవ్వితే ఎదుటివాడు విజ్‌డమ్ సేవింగ్ త్రో (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) వేస్తాడు. ఓడితే అతని తర్కం, భావస్థితి, అతన్ని తొలిచేస్తున్న పెద్ద విషయం ఏదో తెలుస్తుంది. గెలిస్తే మంత్రమే ముగిసిపోతుంది. గెలిచినా ఓడినా ఎవరో తన మనసులో చెయ్యి పెట్టారని అతనికి తెలిసిపోతుంది. అంటే ఈ మంత్రంతో ఫలానా రోజు ఫలానా చోట ఏం జరిగిందో నేరుగా లాగలేరు. ఆ విషయం అతను తలుచుకునేలా చేయాలి. అడిగే ప్రశ్న ఆలోచనని మళ్లిస్తుందని మంత్రమే చెబుతోంది.

నాకు ఈ మంత్రం నచ్చేది అందుకే. మనసు చదవడానికి కూడా నోటితో మాట్లాడాలి. కోట కాపలావాణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టారనుకోండి. టేబుల్ దగ్గర ఆటగాడికీ గేమ్ మాస్టర్‌కీ మధ్య ఆట ఇలా నడవొచ్చు:

"నిన్న రాత్రి పడమటి గేటు ఎవరు తీశారని అడుగుతా."

"వాడు తల అడ్డంగా ఊపాడు, 'నాకేం తెలీదు దొరా' అన్నాడు. మనసులో మాత్రం ఒక తాళంచెవి. వానకి తడిసి ఉంది. దాన్ని పట్టుకున్న వేలికి ఎర్రరాయి ఉంగరం."

"మొహం?"

"మొహం లేదు."

"అదేంటి, చూశాడుగా?"

"వాడు తల ఎత్తితేగా. ఉంగరం కనబడగానే తల దించేసుకున్నాడు."

చూడండి, మొహం సంగతి కాపలావాడు దాచలేదు. తలెత్తి చూడనంత భయపడ్డాడు, అంతే. ఇప్పుడు పార్టీకి ఒక ఆనవాలు దొరికింది, ఉంగరం గలవాడంటే కోటలోవాళ్లు ఎంత వణుకుతారో తెలిసింది, అసలు పని ఇంకా మిగిలే ఉంది. "మొహం లేదు" అనే ఒక్క ఖాళీ చేసిన పని ఇది. ఎవరి జ్ఞాపకమైతే వాళ్ల చూపు మేరకే ఉండాలన్నది టేబుల్ దగ్గర ముందే ఒప్పుకుంటే, మనసు చదివే శక్తి ఎంత బలంగా ఉన్నా కథ గుట్టు విప్పేయదు.

అన్నట్టు, అపరాధ పరిశోధన కథ నడిపే గేమ్ మాస్టర్లకి ఒక చిట్కా రూల్స్‌లోనే ఉంది. సీసపు రేకు పల్చనిదైనా సరే ఈ మంత్రాన్ని ఆపేస్తుంది. వేరే లోహమైతే 2 అంగుళాలు, రాయి అయితే 2 అడుగుల మందం కావాలి. రహస్య మంతనాలు జరిగే గది గోడలకి సీసం తాపడం చేయించిన సామంతరాజు ఉన్నాడంటే, అతను ఏదో దాస్తున్నాడని ఆ గదే చెబుతుంది.

జ్ఞాపకాన్ని చేతికివ్వడం

అసలు జ్ఞాపకాలు పంచుకోవడమంటే ఇదే, ఎంపిక దగ్గర తికమక ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే. ఐదో ఎడిషన్‌లో ఈ పని చేసేవి రెండున్నాయి, రెండూ చెరో కొసన ఉంటాయి. ఒకటి ఎనిమిదో లెవెల్ మంత్రం టెలిపతీ. విజర్డ్ (మాంత్రికుడి పాత్ర) 15వ లెవెల్‌కి వస్తే గానీ అందదు. రెండోది ఎన్‌కోడ్ థాట్స్, ఎన్నిసార్లు వాడినా స్లాట్ ఖర్చు కాని కాంట్రిప్. 2018లో రావ్నికా లోకం కోసం వచ్చిన పుస్తకంలోది, కాబట్టి మీ టేబుల్‌లో ఉందో లేదో గేమ్ మాస్టర్‌ని అడగాలి.

పనులు ఒకలాగే అనిపిస్తాయి, కానీ వాటి స్వభావాలు వేరు. టెలిపతీ మంత్రం ఇద్దరి మధ్య 24 గంటలు తెరిచి ఉండే వంతెన. ఎదుటివాళ్లు మీకు బాగా తెలిసినవాళ్లై, ఒప్పుకోవాలి. ఒకే లోకంలో ఎంత దూరాన ఉన్నా మాటలు, దృశ్యాలు, శబ్దాలు, ఇతర అనుభూతులు అప్పటికప్పుడు అటూ ఇటూ వెళ్తాయి. భాష తెలియని జీవికి కూడా అర్థమవుతాయి. ఎన్‌కోడ్ థాట్స్ అలా కాదు, జ్ఞాపకాన్ని ఒక వస్తువుగా మారుస్తుంది. తలకి వేలు ఆనిస్తే మెరిసే పోగు ఒకటి బయటికి వస్తుంది. బరువుండదు, రిబ్బన్‌లా చేత్తో పట్టుకుపోవచ్చు, 8 గంటలు నిలుస్తుంది. డిటెక్ట్ థాట్స్ మీద కాన్సన్‌ట్రేట్ చేస్తూ ఈ కాంట్రిప్ వేస్తే మీ ఆలోచనకి బదులు ఎదుటివాడి మనసులో చదివిందాన్నే పోగుగా తీయొచ్చు. ఇందాకటి కాపలావాడి ఉంగరం దృశ్యం అలా సాక్ష్యంగా మారుతుంది.

ఇందులో ఇరుక్కునే చోట్లు రెండున్నాయి. మళ్లీ అదే కాంట్రిప్ వేస్తే పాత పోగు మాయమవుతుంది, కాబట్టి జ్ఞాపకాల లైబ్రరీ కట్టడం కుదరదు. పోగు చేతికి రాగానే ఎవరైనా చూసేయగలరనుకోవడం ఇంకో పొరపాటు. దాన్ని పట్టుకుని అదే కాంట్రిప్ వేయగలవాళ్లు, లేదా దాని మీద డిటెక్ట్ థాట్స్ వేసేవాళ్లు మాత్రమే లోపలున్నది అందుకోగలరు. పార్టీలో పాలడిన్ లాంటి యోధుడు పోగు పట్టుకుని కూర్చున్నా ఏమీ కనబడదు. చాలా టేబుళ్లలో ఈ నియమాన్ని వదిలేస్తారు. నేనైతే వదలొద్దనే అంటాను. రాజు ముందు సాక్ష్యం పెట్టాలంటే రాజుగారి ఆస్థాన మాంత్రికుడు దాన్ని చూసి చెప్పాలి, అతను నిజం చెబుతాడా అన్న ప్రశ్న పుడుతుంది. కాంట్రిప్‌కి ఉన్న ఈ చిన్న అడ్డంకి ఒక పూర్తి సెషన్‌కి సరిపడా గొడవ తెచ్చిపెడుతుంది. ఎనిమిదో లెవెల్ మంత్రం అలాంటిదేమీ ఇవ్వదు.

పాత్‌ఫైండర్ అనే ఇంకో రోల్‌ప్లేయింగ్ ఆట మొదటి ఎడిషన్‌లో ఆడేవాళ్లకి ఇంత చుట్టు తిరుగుడు అక్కర్లేదు. షేర్ మెమరీ అని సరిగ్గా ఇందుకోసమే ఒక మంత్రముంది, ఎదుటివాళ్లని తాకి జ్ఞాపకాన్ని పంచుకుంటారు. తాకాలన్న షరతు నాకు చాలా ఇష్టం. శత్రువు చేతిని తాకడానికి, చావుబతుకుల్లో ఉన్నవాడి నుదుటి మీద చెయ్యి వేయడానికి ఒక పాత్ర ముందుకు రావాలి. అది కూడా నటనే.

ఏ దారి పట్టినా, చూపించే జ్ఞాపకం ఎలా ఉండాలో మాట్లాడుకోకుండా మొదలుపెట్టొద్దు. జ్ఞాపకంలో ఏది ఎంత కచ్చితమో రూల్స్ ఎక్కడా కొలిచి చెప్పవు, ఆ జాగా టేబుల్‌దే. నేను పాటించేది చిన్న కొలత. ఒక జ్ఞాపకానికి మూడు వివరాలు, అందులో ఒకటి కంటికి కనబడనిది: వాసన, చలి, నోట్లో రక్తం రుచి, ఏదైనా. దానితోపాటు ఒక ఖాళీ. ఇంతకన్నా ఎక్కువ వర్ణిస్తే వినేవాళ్లు ఫోన్లు తీస్తారు. పాత్ర గతం తాలూకు జ్ఞాపకమైతే ఆ ఆటగాడే చెప్పాలి, గేమ్ మాస్టర్ లాక్కోకూడదు. ఎన్‌పీసీలదైతే, అంటే గేమ్ మాస్టర్ నడిపే పాత్రలదైతే, గేమ్ మాస్టర్ చెప్పాలి. అందుకున్న పాత్రకి అది ఎలా అనిపించిందో అందుకున్న ఆటగాడికే వదిలేయాలి. "నువ్వు ఏడ్చేస్తావు" అని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. డైస్ లేకుండా చాటింగ్‌లో రాసుకుంటూ ఆడేవాళ్లకి ఈ ఆఖరి మాట ఇంకా ముఖ్యం, అక్కడ ఎదుటి పాత్ర స్పందనని మనమే రాసేయడం వేళ్ల చివరే ఉంటుంది.

కలలోకి వెళ్లడం

డ్రీమ్ ఐదో లెవెల్ మంత్రం. బార్డ్, వార్లాక్, విజర్డ్ ముగ్గురికీ అందుతుంది. తెలిసిన వ్యక్తి ఒకే లోకంలో ఎక్కడున్నా వాళ్ల నిద్రలోకి దూత వెళ్తాడు. ఆ దూత మీరే కావొచ్చు, ఒప్పుకున్న ఇంకొకరు కావొచ్చు. 8 గంటల వరకు మాట్లాడుకోవచ్చు. కల జరిగే చోటిని దూత తనకి కావలసినట్టు మలుచుకోవచ్చు: ప్రదేశాలు, వస్తువులు, బొమ్మలు. లేచాక కల మొత్తం పొల్లుపోకుండా గుర్తుంటుంది.

జ్ఞాపకం పంచుకోవడానికి ఇంతకన్నా మంచి రంగస్థలం ఐదో ఎడిషన్‌లో లేదని నా అభిప్రాయం. దూత తన చిన్ననాటి ఇంటిని కలలో కట్టి, చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించొచ్చు. "ఇక్కడే నాన్న ఆ ఉత్తరం కాల్చాడు" అని పొయ్యి చూపించొచ్చు. ఆమె "అబద్ధం, ఆ రోజు పొయ్యి వెలగలేదు" అని ఎదురు తిరగొచ్చు. చూపించడమూ ఉంది, మాట్లాడుకోవడమూ ఉంది. కలలో కట్టింది దూత మలిచిన చోటే తప్ప గతం కాదు కాబట్టి నమ్మాలా వద్దా అన్న సందేహం దానంతటదే వస్తుంది.

అడ్డంకులున్నాయి. దూత ట్రాన్స్‌లో ఉన్నంతసేపూ చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తుంది గానీ కదల్లేడు, ఏ పనీ చేయలేడు. ఎవరైనా కాపలా కాయాలి. నిద్రపోని జీవులకి ఇది పనిచేయదు, ఎల్ఫ్‌లు అలాంటివాళ్లే. కలష్టార్లకి కలలు రావు, వాళ్లదీ అదే సంగతి. అవతలి వ్యక్తి మేలుకుని ఉంటే నిద్రపోయేదాకా ట్రాన్స్‌లో ఎదురుచూడాలి, లేదా మానుకోవాలి. ఒకే పార్టీ రోజంతా కలిసి తిరిగే ఆటలో దీని అవసరం పెద్దగా రాదు. పార్టీ రెండుగా చీలిన కథల్లో, దూరదేశంలో ఉన్న ఎన్‌పీసీతో సంబంధం నడిపే కథల్లో దీన్ని మించింది లేదు. ఇదే మంత్రాన్ని పీడకలగా మారిస్తే పది మాటలకి మించని సందేశం, 3డీ6 (ఆరు ముఖాల పాచికలు మూడు వేసినంత) దెబ్బ తగిలించొచ్చు. అది వేరే వాడకం.

ఇంకొకరి కళ్లతో, దూరం నుంచి

ఫమిలియర్ (మాంత్రికుడి వెంట ఉండే చిన్న ప్రాణి) కళ్లతో చూడటం, స్క్రయింగ్ (దూరాన ఉన్నవాళ్లని మంత్రంతో చూడటం) లాంటివి జ్ఞాపకాల కిందికి రావు, కానీ ఎంచుకునేవాళ్లు వీటినీ అదే బుట్టలో వేస్తారు. ఫమిలియర్ 100 అడుగుల లోపల ఉన్నప్పుడు ఒక యాక్షన్ ఖర్చుపెట్టి దాని కళ్లతో, చెవులతో చూడొచ్చు, వినొచ్చు. అంతసేపూ మీ సొంత కళ్లు, చెవులు పనిచేయవు. స్క్రయింగ్ ఐదో లెవెల్‌ది. మంత్రం వేయడానికే 10 నిమిషాలు పడుతుంది, 1000 బంగారు నాణేల విలువైన అద్దమో, నీటి పాత్రో కావాలి. ఎదుటివాడు విజ్‌డమ్ సేవింగ్ త్రో వేస్తాడు. అతని వెంట్రుకో, గోరో మీ దగ్గరుంటే అతని త్రోలో 10 తగ్గుతుంది.

వీటిలో బాగున్నదేంటంటే చూసేది ఒక్కరే. మిగతావాళ్లకి ఆ ఒక్కరు చెప్పాలి. వ్యాసుడు దివ్యదృష్టి ఇస్తానంటే ధృతరాష్ట్రుడు వద్దన్నాడు, బంధువుల చావు కళ్లారా చూడలేనన్నాడు. సంజయుడు చూసి చెబితే వింటానన్నాడు. మహాభారత యుద్ధకథంతా ఆ ఎంపిక మీదే నడిచింది. మీ టేబుల్‌లో స్క్రయింగ్ వేసిన ఆటగాడికి అదే వేషం దొరుకుతుంది. అడ్డుపడి "అందరికీ కనబడుతుందనుకుందాం" అని తొందరపెట్టొద్దు.

వస్తువుల జ్ఞాపకాలు

పాత కత్తినో, చిరిగిన చొక్కానో తాకి దాని గతం చూసే శక్తి పరిశోధన ఆటలకి చక్కగా అమరుతుంది. గర్ప్స్ అనే ఆటలో సైకోమెట్రీ అనే అడ్వాంటేజ్ (పాత్రకి కొనుక్కునే శక్తి) ఉంది, వాంపైర్ ద మాస్కరేడ్ ఆటలో ఆస్పెక్స్ అనే శక్తుల కింద స్పిరిట్స్ టచ్ ఉంది, పాత్‌ఫైండర్ 2015 ఆకల్ట్ పుస్తకంలోనూ సైకోమెట్రీ ఉంది. ప్రాణమున్న మనసుకి సేవింగ్ త్రో ఉంటుంది, సిగ్గు, భయం, పంతం ఉంటాయి. వస్తువుకి అవేవీ లేవు. అందుకే గేమ్ మాస్టర్ జాగ్రత్తపడకపోతే మొదటి సీన్‌లోనే హంతకుడు బయటపడతాడు. విరుగుడు తేలికే. వస్తువు సంఘటనలు గుర్తుపెట్టుకోదు, తనని పట్టుకున్నవాళ్ల ఉద్వేగాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటుందని పెట్టుకోండి. కత్తిలో పగ ఉండాల్సిన చోట జాలి కనిపించిందంటే పరిశోధన అక్కడి నుంచి మొదలవుతుంది.

రాబోయేదాని గురించి వచ్చే దర్శనాల సంగతి కొంచెం వేరు. ఆటగాడు ఎంచుకుని వాడేది తక్కువ, గేమ్ మాస్టర్ ఇచ్చేదే ఎక్కువ. ఆగరీ అనే మంత్రమైతే రాబోయే 30 నిమిషాల్లో మంచా చెడా అన్నంతవరకే చెబుతుంది, డివినేషన్ 7 రోజుల లోపు సంగతిని చిన్న మాటగానో గూఢమైన పద్యంగానో చెబుతుంది. దర్శనాలు ఇష్టపడే ఆటగాడికి ఇవి చాలు. సంఘటన మొత్తం చూపించేస్తే, అదే జరిగేలా కథని తోసుకుంటూ పోవాల్సిన కర్మ గేమ్ మాస్టర్‌కి పడుతుంది.

అబద్ధపు జ్ఞాపకం సంగతి

మీ లోకంలో మోడిఫై మెమరీ, అంటే జ్ఞాపకాల్ని మార్చే మంత్రం, ఉందా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలియకుండా పై వాటిలో ఏదీ ఖాయం చేసుకోవద్దు. ఐదో లెవెల్‌లో వాడితే గత 24 గంటల్లో జరిగిన ఒక సంఘటనలో 10 నిమిషాల జ్ఞాపకాన్ని చెరిపేయొచ్చు, మార్చొచ్చు, లేనిది పుట్టించొచ్చు. ఇంకా పై స్లాట్ వాడితే 7 రోజులు, 30 రోజులు, ఏడాది వెనక్కి వెళ్లొచ్చు. తొమ్మిదో లెవెల్‌లో జీవితంలో ఏ రోజైనా సరే. మంత్రం వేసేవాడు ఆ మార్పుని నోటితో వర్ణించాలి, బాధితుడు ఆ మాట విని అర్థం చేసుకోవాలి. రిమూవ్ కర్స్, గ్రేటర్ రిస్టోరేషన్ అనే మంత్రాలు అసలు జ్ఞాపకాన్ని తిరిగి తెస్తాయి.

ఇది ఉన్న లోకంలో పంచుకున్న ఏ జ్ఞాపకమూ సాక్ష్యంగా నిలబడదు. చూపించినవాడు నిజాయితీగానే చూపిస్తాడు, చూసింది మాత్రం అబద్ధం. ఇది కొందరికి పండగ, కొందరికి చిరాకు. రాజకీయాలు, కుట్రలు నడిచే క్యాంపెయిన్‌కైతే (చాలా సెషన్లు సాగే కథకైతే) తప్పకుండా పెట్టుకోమంటాను. సరదాగా గుహలు దూరి నిధులు తెచ్చుకునే ఆటలో ప్రతి జ్ఞాపకాన్నీ అనుమానిస్తూ కూర్చుంటే ఆట కదలదు, అక్కడ ఈ మంత్రాన్ని లేనట్టే చూడండి. ఎక్కువమంది మర్చిపోయే వాడకం ఒకటుంది: ఇదే మంత్రంతో ఒక సంఘటనని అక్షరం పొల్లుపోకుండా గుర్తుకు తెప్పించొచ్చు కూడా. సాక్షి ఒప్పుకుంటే, ఇందాకటి కాపలావాడి చేత ఆ గేటు దగ్గర విన్న ప్రతి శబ్దాన్నీ గుర్తు చేయించొచ్చు. తల మాత్రం దించే ఉంటుంది.

ఏ రూల్స్‌తో ఆడితే బాగుంటుంది

మానసిక శక్తులు ఈ ఆటల్లోకి కొత్తగా వచ్చినవి కావు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 1976 సప్లిమెంట్ నుంచే ఉన్నాయి. మూడో ఎడిషన్ కాలంలో, 2004లో, పవర్ పాయింట్లతో పూర్తి సైయానిక్స్ (మానసిక శక్తుల) పుస్తకమే వచ్చింది. ఐదో ఎడిషన్‌లో అవి ఒకచోట లేవు, మంత్రాల్లో, ఫీట్‌లలో, సబ్‌క్లాసుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. క్యాంపెయిన్‌కి జ్ఞాపకాలే గుండెకాయ అయితే అక్కడక్కడా ఏరుకోవడం విసుగు. అలాంటప్పుడు పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌కి వెళ్లడం మేలు. దాని ఆకల్ట్ పుస్తకంలో సైకిక్, మీడియం, మెస్మరిస్ట్ లాంటి ఆరు క్లాసులు (పాత్రల రకాలు) ఉన్నాయి, మనసుల లోపలి లోకాలకి, మానసిక ద్వంద్వ యుద్ధాలకి విడిగా నియమాలున్నాయి. రెండో ఎడిషన్‌కి సైకిక్ క్లాస్ 2022లో వచ్చింది.

శక్తిని మీకు మీరే తయారు చేసుకోవాలనుకుంటే గర్ప్స్. అందులో పైపై ఆలోచన చదవడం ఒకటి, ప్రశ్న అడిగి లోతు నుంచి జవాబు లాగడం ఇంకొకటి, మాట పంపడం వేరొకటి. మాట పంపే శక్తికి దృశ్యం కూడా కలపాలంటే దానికి పెట్టే పాయింట్లలో 40 శాతం అదనం. ఏది ఎంత పంపుతుందన్న వాదనకి చోటే ఉండదు. కాకపోతే పాత్ర తయారీకే ఒక సాయంత్రం పోతుంది, లెక్కలంటే పడనివాళ్లని దీంట్లోకి లాగొద్దు.

ఏ రూల్స్ అయినా, ఒక ఆటగాడి పాత్ర ఇంకో ఆటగాడి పాత్ర మనసులోకి వెళ్లేటప్పుడు పద్ధతి ఒకటే పెట్టుకోండి. లోపలికి వెళ్లగలిగిందో లేదో డైస్ చెబుతుంది, అక్కడ ఏం కనబడిందో ఆ పాత్ర సొంతదారు చెబుతాడు. గతంలో హింస, అవమానం లాంటివి ఉన్న పాత్రలతో ఇది మరీ అవసరం. ఏ విషయాలు అసలు రాకూడదో, ఏవి తెర వెనకే ఉండాలో మొదటి సెషన్‌లోనే అందరూ చెప్పుకుంటే తర్వాత ఇబ్బందులుండవు. మధ్యలో ఎవరైనా వద్దంటే కారణం అడగకుండా ఆ జ్ఞాపకం అక్కడితో ఆపేయాలి.

ఇంతసేపూ మాట్లాడించే శక్తుల్నే మెచ్చుకున్నాను గానీ, ఈ లెక్క తిరగబడే టేబుళ్లు కూడా ఉంటాయి. పాత్రలో ఉండి నలుగురి ముందు మాట్లాడాలంటే నోరు పెగలని ఆటగాళ్లుంటారు. బాగా ఆలోచిస్తారు, బాగా రాస్తారు, సీన్ వచ్చేసరికి "మా వాడు జరిగింది చెప్పాడు" అని తేల్చేస్తారు. వాళ్లకి ఎన్‌కోడ్ థాట్స్ లాంటిది ఇప్పించండి. సెషన్‌కి ముందు ఆ జ్ఞాపకాన్ని ఐదారు వాక్యాల్లో రాసుకుని రమ్మనండి. పోగు ఎవరికైతే ఇస్తున్నారో ఆ ఆటగాడి చేతికి కాగితం ఇచ్చి, పైకి చదవమనండి. అప్పుడు మాట్లాడాల్సిన పని కాగితం అందుకున్నవాడిది. రాసినవాళ్లు తమ మాటలు ఇంకొకరి గొంతులో వింటారు, ఎక్కడైనా తప్పు చదివితే సరిదిద్దడానికి నోరు తెరుస్తారు.